నోరు లేని పురుగుకి పిండం

"బీయస్సీ ప్యాసయ్యేను నాన్నా," అన్నాను, గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా.

"సరే, కాళ్లు కడుక్కో. మీ తాత రెండ్రోజుల బట్టీ ఏటీ ముట్టడం లేదు," అన్నాడు మా నాన్న.

తాత పోయి అప్పటికి పన్నెండు రోజులు.

నేను ఆమదాలవలసలో రైలు దిగి, బండి దొరక్క, రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి వచ్చినవాణ్ణి. పేపర్లో నా నెంబరు పడ్డ ముక్క చింపి చొక్కా జేబులో పెట్టుకున్నాను. చెమటకి తడిసిపోతుందేమోనని మధ్యమధ్య తీసి ఊదుకుంటూ వచ్చేను. మా వంశంలో వేలిముద్ర మానేసి సంతకం పెట్టినవాడు మా నాన్నొక్కడే. కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంబరం కడుపులో పట్టక, దారిలో గొర్రెలు కాస్తున్న ముసలాయనక్కూడా చెప్పేను.

"పేసంటే ఏటి బాబూ? ఉద్దోగమా?"

"ఉద్యోగం కాదు తాతా, పరీక్ష."

"అయితే నీకింకా ఏటీ రాలేదన్నమాట," అని ఆయన నా మీద జాలిపడ్డాడు.

తాత పోయిన సంగతి నాకు తెలుసు. కార్డు విజయనగరం చేరేసరికి తొమ్మిదో రోజు. ఆరోజే రైలెక్కవలసింది. ఎక్కలేదు. రేపో ఎల్లుండో ఫలితాలు పేపర్లో పడతాయంటే ఆగేను. ఎలాగూ దహనం అయిపోయింది కదా, ప్యాసయ్యేనన్న కబురుతోనే వెళ్తే ఇంట్లోవాళ్లకి ఓదార్పుగా ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడది తలుచుకుంటే సిగ్గేస్తుంది. కానీ ఆ ఇంట్లో ఆరోజు సిగ్గుపడవలసినవాళ్ల వరసలో నా వంతు చివరిది.

సావిడిలో గోడకి తాత తలపాగా తగిలించే కొయ్యమేకు ఉంది. తలపాగా ఇంకా దానికే ఉంది. దాని మీద ఒక పురుగు రెక్కలు పరుచుకుని కూర్చుంది. జానెడు పైనే ఉంటుంది. పసుపూ బూడిదా కలిసిన రంగు. నాలుగు రెక్కల మీదా నాలుగు గుండ్రటి కళ్లు, మధ్యలో అద్దం ముక్క పెట్టినట్టు. దాని కింద పీట. పీట మీద అరిటాకులో పిండం, పక్కన గిన్నెలో సోడంబలి, ఇంకో గిన్నెలో పాయసం, ముంతలో కల్లు, ఒక పొగచుట్ట. పీట ముందు మా అత్త చేతులు కట్టుకుని నిలబడి, "అయ్యా, ఒక్క మెతుకు ముట్టు అయ్యా," అని బతిమాలుతోంది.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమయింది. అప్పుడు మొదలైన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

తాతకి చలికాలంలో పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, మూతి వంకరపోయింది. మాట పోయింది. ఆర్నెల్లు ఆయన్ని ఎత్తి దించి, కడిగి తుడిచి చూసినది మా చిన్నమ్మ. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచినదీ ఆవిడే. చిన్నాన్న రంగం వెళ్లేడు, బర్మాలో బియ్యం మిల్లు పనికి. మా వైపు ఇంటికొకడు రంగం వెళ్లినవాడు ఉంటాడు. జపానువాళ్లు రంగం పట్టుకున్నాక ఉత్తరాలు ఆగిపోయేయి. మా ఊరివాళ్లు కొందరు అడవులంట నడిచి, ఎముకలు తేలి ఇంటికి చేరేరు. చిన్నాన్న చేరలేదు. పోయేడని చెప్పినవాడూ లేడు, ఉన్నాడని చెప్పినవాడూ లేడు. చిన్నమ్మ రోజూ బొట్టు పెట్టుకుంటూనే ఉంది. మా అత్తకి ఆ బొట్టు చూస్తే ఒళ్లు మంట.

అత్త అంటే మా నాన్నకి అప్ప, పెద్దక్క. ఆవిడది నాలుగు మైళ్ల దూరంలో ఊరు. తండ్రి మంచాన పడ్డ ఆర్నెల్లలో ఆవిడ వచ్చింది ఆఖరి రెండు రోజులే. వచ్చేసరికి మంచం పక్కన గంజి గిన్నె నిండుగా ఉంది. తాతకి అప్పటికి దవడ బిగుసుకుపోయింది. చిన్నమ్మ దూదివత్తి గంజిలో ముంచి పెదాల మధ్య పిండుతూ ఉండేది. దిగింది కొంత, కారిపోయింది కొంత. గిన్నె మాత్రం నిండుగానే ఉండేది. అత్తకి ఆ గిన్నె ఒక్కటే కనిపించింది.

"మా అయ్యని కడుపు మాడ్చి సంపీసినాది," అని ఆరోజే అనేసింది. ఊరు నమ్మలేదు. నమ్మించడానికి ఆవిడకి ఒక సాక్ష్యం కావలసి వచ్చింది.

పదోరోజు వంశధార ఇసకలో కాకికి పిండం పెట్టేరు. కాకి ముట్టకపోతే చచ్చినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అది ఏమిటో కనుక్కుని, తీరుస్తామని ఒకళ్ల తర్వాత ఒకళ్లు పైకి చెప్పాలి. సరైన మాట పడగానే కాకి వస్తుంది. మా నాన్న "నీ ఎడ్లని అమ్మను అయ్యా," అన్నాడు. కాకి తాటిచెట్టు దిగలేదు. "ఇంటి కప్పు నేయిస్తాను," అన్నాడు. దిగలేదు. తాత ఆఖరిరోజు దాకా కళ్లతో గుమ్మంవైపు చూసింది చిన్నకొడుకు కోసం. ఆ కొడుకుని తెస్తామని చెప్పే ధైర్యం ఎవరికుంది? ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పొద్దు వాలిపోయింది. పిండం ఏట్లో కలిపేసి, తలలు దించుకుని ఇంటికొచ్చేరు.

వచ్చేసరికి తలపాగా మీద ఈ పురుగు.

"కాకిగా రాలేదు, ఇలాగొచ్చినాడు మా అయ్య," అని అత్త మొదట అంది. అక్కణ్నుంచి ఇల్లంతా అదే మాట. పిండం పెట్టేరు, ముట్టలేదు. పాయసం పెట్టేరు, లేదు. తాతకి కల్లిష్టమని కల్లు పెట్టేరు. మా అత్త అడ్డపొగ కాల్చే మనిషి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. తన చుట్ట తీసి, దాని ముందు పొగ ఊదింది. పురుగు రెక్కలు వణికించింది. "సూసినారా, తల అడ్డంగా తిప్పుతన్నాడు!" అంది. రెండో రోజుకి సంగతి తేల్చేసింది: ఈ ఇంట్లో ఆ కోడలి చేతి కూడు ముట్టనని ఆయన పట్టు పట్టేడు. ఆవిడ ఈ గడప దాటేదాకా ముట్టడు.

మా నాన్న చెడ్డవాడు కాదు. కానీ కాకి ముట్టని తండ్రికి కొడుకు. భయపడిపోయేడు. చిన్నమ్మ అన్నగారికి కబురు పంపించేడు, మర్నాడు పొద్దున్న బండి తెచ్చి చెల్లెల్ని తీసుకుపొమ్మని. ఆ అన్నగారింట్లో వదినకి చిన్నమ్మ అంటే ఎంత గౌరవమో నాకు తెలుసు. ఒక పండక్కి వెళ్లి మూడోరోజు తిరిగొచ్చేసింది, గోడ వారన పడుకోబెట్టేరని.

ఇదంతా విన్నాక నేను పెట్టె దింపి, తాళం తీసి, అడుగునుంచి నా భూతద్దం తీసేను. మడత పెట్టే అద్దం, ప్రాక్టికల్సు కోసం కొనుక్కున్నది. ముందు వీధరుగు మీదికి వెళ్లేను. చితికి తెచ్చిన కర్రల్లో మిగిలినవి అక్కడ పేర్చి ఉన్నాయి. కొండ నుంచి దింపిన మద్దికర్ర. కొమ్మలు ఒక్కొక్కటీ తీసి చూసేను. నాలుగోదో ఐదోదో కొమ్మకి వేలాడుతోంది నేను అనుకున్నదే. కోడిగుడ్డంత గూడు, గట్టిగా, కాయలాగ, పొడుగాటి తొడిమతో కొమ్మని ఉంగరంలాగ చుట్టుకుని. పైకొసన తడి ఆరిన చిల్లు.

ఆ గూడు నాకు కొత్తకాదు. కాలేజీలో మా మేస్టారు అలాంటివి అరడజను కిటికీకి తగిలించి ఉంచేవారు. మా పాఠ్యపుస్తకంలో ఎక్కడో సీమదేశపు చిమ్మటల గురించి పేజీలకి పేజీలు ఉంటాయి, రంగు బొమ్మలతో సహా. మా కొండల్లో మద్దిచెట్టుకి కాయల్లాగ వేలాడే దసలిపురుగు గురించి ఒక్కటంటే ఒక్క వాక్యం. దాని పట్టు కట్టుకుని పూజలు చేసే దేశానికి అది చాలనుకున్నారు కాబోలు. మా మేస్టారికీ ఈ విషయంలో కోపమే. అందుకే ఆ గూళ్లు తగిలించేరు. ఒక వానరోజు పొద్దున్న అందులోంచి రెక్కల పురుగు నలిగిన గుడ్డలాగ బయటికొచ్చి, గంటలో జానెడు విప్పుకోవడం మేమందరం చూసేం.

గూడు పట్టుకుని సావిట్లోకి వచ్చేను. పంతులుగారు కూడా అప్పుడే వచ్చి కూర్చున్నారు, మర్నాటి పనులు చెప్పడానికి.

"అత్తా, ఇది తాత కాదు. దసలిపురుగు. చితికర్రతో వచ్చింది. ఇదిగో దీని గూడు. తొలకరి చినుకు పడింది, బయటికొచ్చింది. అంతే."

"మా అయ్య సితికర్రలోంచే వచ్చినాదా?" అంది అత్త, కళ్లు ఇంతలు చేసుకుని. "సూడండి పంతులుగారూ, ఈ గుంటడే సెప్తన్నాడు!"

నా నోటినుంచి వచ్చిన మొదటి నిజం అలా అయింది. అయినా నేను ఆగలేదు. ఆగే స్థితిలో లేను. మూడేళ్లు చదివినది కడుపులో నిండి ఉంది.

"అది తినకపోవడానికి కారణం ఎవరి మీదా కోపం కాదు. దానికి నోరు లేదు. నోరే లేదు అత్తా! గొంగళిపురుగుగా ఉన్నప్పుడు నెలా పది రోజులు మద్దాకు మేస్తుంది, అదే దాని తిండి అంతా. గూడు కట్టుకున్నాక మళ్లీ మెతుకు లేదు, చుక్క లేదు. రెక్కలొచ్చేక వారం పది రోజులు ఉంటుంది, ఆ పాత తిండి మీదే. నువ్వు పరమాన్నం పెట్టినా, పంతులుగారు మంత్రం చదివినా అది తినలేదు. రా, అద్దంలో చూడు."

అత్త రానంది. తర్వాత వచ్చింది. భూతద్దం ఎలా పట్టుకోవాలో చూపించేను. పురుగు మొహం దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసింది. చూసి, వెనక్కి తిరిగి, నెమ్మదిగా అంది:

"నిజమే. నోరు లేదు."

నా గుండె పొంగిపోయింది. నేను ప్యాసైనది అప్పుడే అనిపించింది.

"ఎలాగుంటాది?" అంది అత్త. "మా అయ్య నోరు కట్టీసి పంపీసినాది గదా అది! నోరు కట్టీసినాది, అందికే నోరు లేకుండా వచ్చినాడు!"

తలుపు పక్క నిలబడ్డ చిన్నమ్మ మొహం నేను చూసేను. ఆవిడ పీట మీది సోడంబలి గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు తెలియలేదు. "పంతులుగారూ, మీరైనా చెప్పండి," అన్నాను. పంతులుగారు గొంతు సవరించుకుని, జీవుడు ఏ రూపంలోనైనా రావచ్చునని అన్నారు. ఆయన కట్టుకున్న పంచె వంక నా చూపు పడింది. దసలి పంచె. మడికి అంతకంటే శుద్ధమైన బట్ట లేదు. మా అత్త కట్టుకున్నదీ దసలి చీరే, బరంపురం నుంచి తెప్పించినది, ఇలాంటి రోజులకని పెట్టెలో దాచుకున్నది. ఆ చీరకి ఎన్ని గూళ్లు మరిగే నీళ్లలో వేసి ఉంటారో! లోపల నిద్రపోతున్న ఎన్ని పురుగులు ఉడికిపోయి ఉంటాయో! ఆ బట్ట ఒంటినిండా చుట్టుకుని, ఉడక్కుండా తప్పించుకున్న ఒక్క పురుగుకి పిండం పెట్టి, అది తినలేదని ఒక ఆడదాన్ని ఇంట్లోంచి గెంటుతున్నారు. ఈ మాటే పైకి అనేసేను, దాదాపు ఇంతే గట్టిగా.

"సదువుకున్నోడు ఇలాగే మాటాడతాడు," అన్నాడు నాన్న, నేలకేసి చూస్తూ.

"తాతంటే మగాడు కదా, ఇది ఆడది!" అని నేను ఆఖరి బాణం వేసేను. "మగదాని మీసాలు ఈకల్లాగ వెడల్పుగా ఉంటాయి, దీనివి సన్నంగా ఉన్నాయి. పొట్ట చూడండి, గుడ్లతో నిండి ఉంది. ఆడపురుగు తాత ఎలా అవుతుంది?"

అత్త ఒక్క నిమిషం తగ్గింది. ఒక్క నిమిషమే.

"అయితే మా అమ్మ," అంది. "అమ్మా! నువ్వా అమ్మా! మొగుణ్ణి కడుపు మాడ్చినారని తెలిసి వచ్చీసినావా!"

ఏడుపు లేచింది. ఈసారి నిజం ఏడుపు. మా నానమ్మ పోయి ఇరవయ్యేళ్లు. నేను అద్దం మడిచి జేబులో పెట్టుకున్నాను. ప్రపంచంలో ఉన్న నిజాలన్నీ తెచ్చి ఆ సావిట్లో పోసినా, అత్త వాటితో చిన్నమ్మకి ఉరితాడే పేనుతుందని అర్థమయింది. నేను తాడుకి పోగులు అందిస్తున్నాను, అంతే.

పొద్దు వాలేవేళకి పెరట్లోకి వెళ్లేను. చిన్నమ్మ చింతపండు గుజ్జుతో ఇత్తడి బిందె తోముతోంది. పక్కన అరుగు మీద ఆవిడ రేకు పెట్టె, చీర ముక్కతో కట్టి సిద్ధంగా ఉంది.

"పేసయినావంట గదా బాబూ," అంది. ఆ ఇంట్లో ఆరోజు ఆ మాట అడిగినది ఆవిడొక్కర్తే. "పేపర్లో నీ పేరేసినారా?"

"పేరు కాదు పిన్నీ, నెంబరు." జేబులోంచి ముక్క తీసి చూపించేను. తడి చేతులతో ముట్టకుండా, వంగి చూసింది. చదువు రాదు. అయినా చాలాసేపు చూసింది.

"పిన్నీ, నేను నీకు చేటు చేసేను. ఏం చెప్పినా తిప్పి కొడుతోంది."

"ఆవిడ సంగతి ఒగ్గీ. నువ్ సెప్పింది నాను తలుపు కాడ ఇన్నాను. నిజంగా నోరు లేదా దానికి?"

"లేదు."

"మరైతే అలాగ ఒక్క కాడే కూకున్నాది ఏల? రెండ్రోజులై సూస్తన్నాను, కదల్లేదు. రెక్కలున్నాయి గదా, ఎగిరిపోవచ్చు."

అప్పుడు చెప్పేను, పొద్దుటినుంచి నేను చెప్పాలనుకున్న పద్ధతిలో, తొందర లేకుండా. ఆడది గూట్లోంచి బయటికొచ్చేక ఎక్కువ దూరం పోదు. పొట్టనిండా గుడ్లు, బరువు. ఒకచోట కూర్చుని చీకటిపడ్డాక ఒంట్లోంచి ఒక వాసన వదులుతుంది. మన ముక్కుకి తెలియదు. గాలి ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. ఎక్కడో మైళ్ల దూరంలో మగపురుగు ఉంటే, ఆ ఈకల మీసాలతో అది పట్టుకుంటుంది. పట్టుకుని, గాలికి ఎదురెగురుతూ, ఆ వాసన దారంటే వస్తుంది. మా కాలేజీ కిటికీ దగ్గరికి అలాగే వచ్చేయి. ఊరి మధ్య, చెట్టు లేని చోట, ఒక ఆడపురుగు కోసం తెల్లారేసరికి మూడు మగవి.

"అదిక్కణ్ణుంచి లేచిపోతే?"

"మగదానికి దారి తెలీదు. వాసన తెగిపోతుంది."

చిన్నమ్మ బిందె తిప్పింది. అడుగు తోమడం మొదలెట్టింది. తోముతూనే ఉంది, మెరిసిపోయినా.

"ఆకలి లేక కాదన్నమాట, ఎదురుసూడ్డానికే కూకున్నాది," అంది. నాకు ఆ క్షణాన ఆవిడ మనసులో ఏం నడుస్తోందో తట్టలేదు. జువాలజీ తట్టింది.

తెల్లవారుజామున అత్త కేకతో లేచేను. వెళ్లి చూస్తే తలపాగా మీద పురుగులు రెండు. కొత్తది కొంచెం చిన్నది, ఇటిక రంగు, ఈకల మీసాలు. రెండూ తోకలు కలిపి, చెరోవైపు తిరిగి, కదలకుండా. కొండలవైపు నుంచి వచ్చిందో, ఆ కర్రల్లోనే ఇంకో గూడుందో నాకు తెలియదు. తర్వాత వెతికేను, రెండో గూడు దొరకలేదు.

"మా అయ్య!" అంటోంది అత్త, చప్పట్లు కొడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ. "మా అమ్మని తోలుకుపోడానికి వచ్చీసినాడు మా అయ్య! ఒరే తమ్ముడూ, లేవరా! ఇద్దరూ కలిసీసినారు! అమ్మ అలిగి కూకున్నాదిరా, మొగుడొచ్చేదాకా ముట్టనని. మనం ఎంత మడుసులం, తెలీక ఏటేటో అనుకున్నాం!"

ఊరు ఊరంతా వచ్చింది చూడ్డానికి. నాన్న మొహంలో పన్నెండు రోజుల తర్వాత రక్తం కనబడింది. నేను గోడకి జారబడి నిలబడ్డాను. నిన్న నేను చెప్పిన ప్రతి మాటా నిజమైంది. ఆడదన్నాను, ఆడదే. కదలదన్నాను, కదల్లేదు. మగది వస్తుందన్నాను, వచ్చింది. ఒక్కడంటే ఒక్కడు నా వంక చూడలేదు. నిజం నా పెట్టెలోంచి దిగింది, పేరు మాత్రం తాతకి పోయింది.

ఆ సందట్లో వీధిలో బండి ఆగింది. చిన్నమ్మ అన్నగారు. ఎడ్లని విప్పకుండానే, "బేగి రమ్మను, ఎండెక్కకుండా పోవాల," అని కేకేసేడు.

చిన్నమ్మ బయటికొచ్చింది. చేతిలో పెట్టె లేదు. నిన్న తోమిన బిందె ఉంది, నీళ్లకి బయలుదేరినట్టు. మా నాన్న ముందు ఎప్పుడూ పైకి మాట్లాడని మనిషి, వీధి మధ్య నిలబడి అందరికీ వినపడేట్టు అంది:

"అన్నా, బండి తిప్పీ. నాను రాను. ఆయన రంగం నుండి ఎప్పుడొచ్చినా ఈ ఇంటికే గదా వస్తాడు. నాను కదిలిపోతే ఆయనకి దారి తెలీదు."

నాకు నిన్నటి పెరడు, మెరిసిన బిందె అడుగు కళ్లముందు కదిలేయి. మేమందరం సావిట్లో పురుగుని పట్టుకుని కొట్టుకుంటుంటే, దాని బతుకులోంచి తనకి కావలసినది ఆవిడ నిశ్శబ్దంగా తీసుకుపోయింది.

అందరూ అత్త వంక చూసేరు. అత్త చుట్ట తీసింది. కాసేపు ఆలోచించింది.

"ఉండనీరా తమ్ముడూ," అంది. "అయ్యా అమ్మా కలిసిన పూట ఇంటి కోడల్ని బండెక్కించీడం బాగోదు." తర్వాత బండివైపు తిరిగి, "ఏటి బావా, ఎడ్లని విప్పు. పాయసం ఉన్నాది, తినీసి పోదువు," అంది, ఆ బండి తానే రప్పించలేదన్నట్టు.

ఇప్పటికీ నా ఒళ్లు మండేది ఇక్కడే. ఆర్నెల్లు దూదివత్తితో గంజి పట్టినందుకు కాదు చిన్నమ్మని ఉండనిచ్చింది. ఆవిడ తప్పు లేదని తేలి కాదు. రెండు పురుగులు కలిసేయి కనక. అవి ఆ రాత్రి కలవకపోయి ఉంటే? గాలి అటు వీచకపోయి ఉంటే? గాలి ఎటు వీచిందన్న దాని మీద ఒక మనిషి బతుకు ఉండడమేమిటి? నేను ఈ మాట నాన్నని అడిగేను. "మంచే జరిగింది గదరా, ఇంకేటి నీ బాధ?" అన్నాడు. అదే నా బాధ అంటే అర్థం కాలేదు.

ఆ సాయంత్రం మగది ఎగిరిపోయింది. ఆడది రెండు రోజుల్లో తలపాగా నిండా గుడ్లు పెట్టింది, బిళ్లల్లాగ, గోధుమరంగువి. పెట్టి, రెక్కలు చిరిగి, నాలుగోరోజు కింద పడి చచ్చిపోయింది. గుడ్లు నాకిమ్మన్నాను, పొదిగించి చూపిస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు. పిల్లి ముట్టకుండా పసుపు గుడ్డలో చుట్టి, తలపాగాతో సహా శ్రీకూర్మం తీసుకెళ్లి, అక్కడ పెద్దలకి చెయ్యవలసినవి చేయించి, తిరిగొస్తూ సముద్రంలో కలిపేసింది. వందకి పైగా ప్రాణాలు. మా అయ్యా అమ్మా మోక్షానికి పోయేరని చెప్పుకుంటుంది. ఏం చెప్పమంటారు?

అయితే ఆ తలపాగాకి ఒక చివర జానెడు గుడ్డ తక్కువ ఉన్నట్టు అత్త గమనించలేదు. నేనూ గమనించలేదు. పది రోజుల తర్వాత చిన్నమ్మ నన్ను ఏటి గట్టు మీది మద్దిచెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. కొమ్మకి గుడ్డ పీలిక కట్టి ఉంది. చుట్టూ ఆకుల మీద సన్నటి పురుగులు, నలక తలలతో, కరకర మేస్తున్నాయి.

"నోరున్నన్నాళ్లూ తిననీ," అంది.

రోజూ చూసేవాళ్లం. ఆకుపచ్చగా, బొటనవేలంత అయ్యేయి, పక్కల వెండి చుక్కలతో. ఒకరోజు పొద్దున్న వెళ్లేసరికి చెట్టు నిండా కాకులు. మేం అదిలించేసరికి ఐదో ఆరో మిగిలేయి, అంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాకిని రాయి పెట్టి కొట్టబోతే చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆవిడ నవ్వగా చూసి ఎన్నాళ్లైందో.

"కొట్టకు బాబూ. మీ అత్తకి మాత్రం సెప్పకు. కాకి ముట్టినాదని మల్లీ ఊరంతా సాటిస్తాది."

నేను ఇప్పటిదాకా చెప్పలేదు.

చిన్నాన్న దగ్గర్నుంచి ఉత్తరం ఇంకా రాలేదు. చిన్నమ్మ ఆ ఇంట్లోనే ఉంది. మొన్న సెలవులకి వెళ్తే, నూతి దగ్గర ఎవరో కొత్తకోడలికి తాతపురుగు కథ చెప్తున్నారు. చిన్నమ్మ తోడుతున్న చేద ఆపి, "తాతా కాదు, మామ్మా కాదు," అంది. "అది దసలిపురుగు. ఆడది. నోరుండదు దానికి. మొగుడొచ్చేదాకా కదలదు. మా బాబు అద్దం పెట్టి సూసి సెప్పినాడు, పేసయినోడు."